పెరటి స్ట్రాబెర్రీకి ముందు నీటి పరీక్ష

శీతల దేశాలలో హరితగృహాన్ని వెచ్చదనం కోసం నిర్మిస్తారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వేడిని తగ్గించడమే సమస్య. కనుక పెరటి స్ట్రాబెర్రీకి మూసిన పాలీహౌస్ కన్నా షేడ్‌నెట్ మేలు. 600 మీటర్లకు పైగా ఎత్తున్న హిందూపురంలో చలికాలపు రాత్రులు పూతకు కొంత అనుకూలిస్తాయి. పల్లపు ధర్మవరంలో ఆ వ్యవధి తక్కువ.

అసలు చిక్కు నీటితో. స్ట్రాబెర్రీ లవణాలను సహించదు. నేల సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసీసీమెన్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మల్బరీకి సరిపడిన బోరునీరు దీనికీ సరిపోతుందని భావించరాదు.

లంబసింగి చలిలో పండిందని చూపి ఇక్కడి రైతుచేత అప్పుపై పాలీహౌస్ కట్టించడం తొందరపాటు. నీటి పరీక్ష ఫలితం చూడకుండా విస్తరణ శాస్త్రవేత్తలు సిఫారసు చేయరాదు. ఇంటి అవసరానికైతే, అక్టోబరులో నాటిన పది కుండీలకు సెప్టెంబరు వానలలో మిద్దెపై నుండి తొట్టికి పట్టిన నీరు కొంతకాలం ఆదుకుంటుంది.