తెర వెలిగిన చాలునా?

మన పాఠశాలలలోనికి నేడు క్రొత్త యుపకరణములు ప్రవేశించినవి. నల్లబల్ల ప్రక్కన గాజుతెర వెలుగుచున్నది. పలక పట్టిన చేతికి టాబు వచ్చినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022 డిసెంబరు 21వ తేదీన ప్రభుత్వ పాఠశాలలందలి యెనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి యుపాధ్యాయులకును టాబులు పంచ నారంభించెను. ఆ యేట పంచినవి అయిదు లక్షలకు మించినవి. అంతర్జాలము లేని యూరనైనను పనికివచ్చునట్లు పాఠములను ముందుగనే వానిలో నింపిరి. పేదవాని బిడ్డకును ధనికుని బిడ్డకును సమానమైన విద్యాసాధనము లభింపవలెనను సంకల్పమును మేము మనఃపూర్వకముగ నభినందింతుము. కాని యంత్రము నిచ్చుట యొక దినపు టుత్సవము. విద్య నేర్పుట యేండ్ల పని. ఈ రెంటికి నడుమ నున్న దూరమును ప్రజలు విచారింపవలసియున్నది.

ఈ ప్రయత్నము మనకు క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31వ తేదీ వరకు భారతదేశమున ఆరు రాష్ట్రములందలి సుమారు 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా దూరదర్శన కార్యక్రమములు ప్రసారమైనవి. నాటి ఆంధ్రప్రదేశము ఆ యారింటిలో నొకటి. తెలుగు కార్యక్రమములకు హైదరాబాదే కేంద్రము. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము ఊరివారికి ప్రసారములు జరిగెడివి. వేలకొలది ప్రాథమికోపాధ్యాయులు ఈ సాధనముననే విజ్ఞానశాస్త్ర బోధనలో తరిఫీదు పొందిరి. అయితే ఆ యుపగ్రహము మనది కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ ఒక యేటికి ఎరువిచ్చినది. గడువు తీరగనే దానిని మరల తమ దిక్కునకు తరలించుకొనిరి. పెక్కు గ్రామములలో తెర నల్లబడెను. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు ఊరక యనలేదు.

ఇరువది యెనిమిదేండ్లకు, 2004 సెప్టెంబరు 20వ తేదీన, కేవలము విద్యకొరకే యుద్దేశింపబడిన ఎడ్యుశాట్ అను మన యుపగ్రహము మన శ్రీహరికోట నుండియే, మన వాహనము మీదనే నింగి కెగసెను. 2017లో కేంద్ర ప్రభుత్వము పాఠశాల విద్యకు దీక్ష యను వేదికను, ఉన్నత విద్యకు స్వయం అను వేదికను నెలకొల్పెను. పాఠ్యపుస్తకము పుటలో ముద్రింపబడిన చిన్న చతురపు గుర్తును ఫోనుకు చూపినంతనే పాఠము తెరపైకి వచ్చు కాలము వచ్చినది. ఆకాశమున మనకు స్వాతంత్ర్యము సిద్ధించినది, సంతోషమే. తరగతి గదిలో సిద్ధించినదా యనునదే మా ప్రశ్న.

2020 మార్చిలో కోవిడు మహమ్మారి బడుల తలుపులు మూయించినపుడు ఈ ప్రశ్నకు పరీక్ష జరిగెను. తెలంగాణమున ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ వాహినుల ద్వారా పాఠములు వినిపించిరి. ఆపత్కాలమున నది మెచ్చదగిన పని. కాని యింట నొక్కటే ఫోనుండి, దానిని తండ్రి కూలిపనికి గొనిపోయినచో ఇద్దరు బిడ్డలలో నెవ్వరికి పాఠము? కరెంటు పోయిన వేళ వచ్చిన పాఠము మరల వచ్చునా? అర్థము కాలేదని చేయెత్తిన బాలుని తెర చూచునా? నాడు ప్రతి తల్లియు ఈ ప్రశ్నల నెదుర్కొన్నది. నాలుగేండ్లు గడచిన పిమ్మటను, 2023-24 సంవత్సరపు ప్రభుత్వ లెక్కల ననుసరించియే, దేశమున నూటికి 57 బడులలో మాత్రమే పనిచేయు కంప్యూటరులు గలవు. అంతర్జాలము గల బడులు నూటికి 54 మాత్రమే. తక్కిన బడులలోని బిడ్డలు మన బిడ్డలు కారా?

మేము యంత్రద్వేషులము కాము. యంత్రమువలని మేలును కన్నులార చూచినవారమే. ప్రయోగశాల లేని పల్లె బడిలో విద్యుద్వలయమెట్లు పూర్తియగునో, లోలక మెట్లు ఊగునో బాలుడు తెరమీద తానే మార్చి మార్చి చూడవచ్చును. కొలరాడో విశ్వవిద్యాలయమున నోబెల్ బహుమాన గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ ప్రయోగచిత్రము లట్టివి. వానికి వెల లేదు. ఢిల్లీ నగరమున జరిగిన యొక పరిశోధన 2019లో ప్రకటింపబడినది. బడి విడిచిన పిమ్మట నాలుగున్నర నెలలు కంప్యూటరు సహాయమున గణితమును, హిందీని అభ్యసించిన విద్యార్థులు తక్కినవారికంటె స్పష్టముగ ముందంజ వేసిరి. దీనికి కారణము తెర కాంతి కాదు. ఏడవ తరగతిలో కూర్చున్నను నాలుగవ తరగతి లెక్క రాని బాలునికి అచ్చటి పాఠము నాలుగవ తరగతి లెక్కనుండియే మొదలయ్యెను. మరియు సగము సేపు యంత్రముతోను, సగము సేపు చిన్న గుంపుగా ఒక సహాయకునితోను వారు చదివిరి.

దీనికి ప్రతిగా పెరూ దేశపు కథ వినుడు. అచ్చట బాలునికొక కంప్యూటరు అను పథకము క్రింద లక్షలకొలది యంత్రములు పంచిరి. 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన ఫలితములలో గణితమునందు గాని, భాషయందు గాని అభివృద్ధి కానరాలేదు. యంత్రమిచ్చిరి, బోధనను మార్చలేదు. మన దేశమునను జాడ్యమిదియే. 2024 అసర్ నివేదిక ప్రకారము గ్రామములందు 14 మొదలు 16 ఏండ్ల వయస్సు గలవారి యిండ్లలో నూటికి సుమారు 90 ఇండ్లకు స్మార్టుఫోను వచ్చినది. దానిని వాడ నేర్చిన పిల్లలలో గడచిన వారము చదువుకొరకు వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది. ఆ నివేదికయే అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు సగమునకు లోపలనే యని తెలుపుచున్నది. అక్షరము రాని చేతికి అంతర్జాల మిచ్చిన ఆట దక్కును గాని విద్య దక్కదు.

కావున అన్నిటికంటె ముందు ఉపాధ్యాయుని మాట విచారింపవలెను. ఏ పాఠమున చిత్రము చూపవలెనో, ఎప్పుడు తెర నార్పి సుద్దముక్క పట్టవలెనో ఎరిగినవా డతడే. అట్టివానికి ఒక పూట శిక్షణ యిచ్చి పంపినచో సరిపోదు. ఆంధ్రప్రదేశమున నొక దశలో హాజరు, భోజనము, తుదకు మరుగుదొడ్ల శుభ్రత వరకు ఛాయాచిత్రములు తీసి ఫోను నుండి పంపుభారము అతని తలపై బడినది. బోధనకు వచ్చిన యంత్రము బోధకుని గుమాస్తాను జేసినచో నంతకంటె విపరీత మేమున్నది?

రెండవది భాష. పూర్వము ముద్రణాయంత్రమును విదేశముననుండి వచ్చినదే. అది మనకు విద్య నేర్పలేదు. దానిని చేపట్టి తెలుగున వ్రాసినవారు నేర్పిరి. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు మున్నగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగు పాఠకుని యింటికి చేర్చిరి. నేటి అంతర్జాలమునకు అట్టి మండలి యేది? పొరుగు భాషలోని పాఠమునకు తెలుగు గొంతు నతికించుట బోధన కాదు. మన పొలము, మన చెరువు, మన సంత లెక్కలు గల పాఠములు మన యుపాధ్యాయులచేతనే తయారు కావలెను. అవి ప్రజాధనముతో చేయబడినవి గావున ప్రజల సొత్తు కావలెను. ఒడంబడిక ముగియగానే తాళము పడు పాఠము ఆనాటి ఎరువు ఉపగ్రహము వంటిదే.

మూడవది పోషణ. కొనుగోలునకు కోట్లు కేటాయించి మరమ్మతునకు పైసా కేటాయింపనిచో రెండేండ్లకు టాబు అటుకెక్కును. కొనునాడే మరమ్మతు, విద్యుత్తు, బ్యాటరీల వ్యయమును పద్దున చేర్చవలెను. ఎన్ని పంచితిమన్న లెక్కతో తృప్తి నొందక, ఎన్ని పనిచేయుచున్నవో, ఎందరు నేర్చిరో ఏటేట ప్రకటింపవలెను.

ఇక ప్రజల కర్తవ్యము. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినపుడు సర్కారు ఆజ్ఞకై ఎవ్వరును కాచుకొని యుండలేదు. ఊరివారే చందాలు వేసికొని పఠనమందిరములు కట్టిరి. చదువురానివారికి చదివి వినిపించిరి. నేడు ఆ మందిరములలో పెక్కింటి తలుపులు సాయంకాలము మూతపడియున్నవి. వానిని తెరవుడు. ఒక కంప్యూటరు, ఒక అంతర్జాలపు తీగ, దినమునకు రెండు గంటలు కూర్చుండు ఒక చదువుకొన్న యువకుడు చాలును. ఇంట ఫోను లేని బాలిక అచ్చట పాఠము చూచును. అర్థము కానిది అడుగును. ప్రక్కనున్న బీరువానుండి పుస్తకము తీసి చదువును. ఈ పత్రికను చదువుచున్న ప్రతి పఠనమందిర సభ్యుడును తన యూరి బడికి ఒక్కసారి పోయి, అచ్చట నెన్ని యంత్రములు పనిచేయుచున్నవో, ఎన్ని అటుకపై నున్నవో చూచి రావలెనని కోరుచున్నాము. చూచిన పిమ్మట ఊరకుండుట ఆయనకు సాధ్యము కాదని మా విశ్వాసము.