శుశ్రూష: అంతిమదశలోని తండ్రికి మనం దాచిపెడుతున్నది



గత కార్తికమాసంలో ఒక మంగళవారంనాడు ఆళ్లగడ్డ సమీపగ్రామంలో ఒక రైతు గృహమున మహామృత్యుంజయ జపం చేయవలసి వచ్చింది. కార్తికంలో నంద్యాల అర్చకులకు ఊపిరి సలపదు. నవనందుల దర్శనానికి వచ్చే భక్తజనంతో సోమవారాలు తెల్లవారుజాముననే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా ముగియవు. అయినా ఆ కుటుంబంతో ఇరవై ఏళ్ల అనుబంధం గనుక, ముందురోజు అలసట తీరకముందే బస్సెక్కి వెళ్లాను. కలశస్థాపన అయింది. ఆచమనం చేయించి సంకల్పం ఆరంభించబోతూ ఉండగా పెద్దకుమారుడు నా చెవి దగ్గరకు వంగి, "స్వామీ, నాయన పేరు కాస్త మెల్లగా చెప్పండి. ఏం పూజో కూడా బయటికి అనొద్దు. లోపల మంచం మీద ఉండాడు, వినబడుతుంది" అన్నాడు.

ఎవరి ఆయుర్దాయం కొరకు సంకల్పం చెప్పుకుంటున్నామో, ఆయనకే ఆ సంకల్పం వినబడరాదు! ముప్పై సంవత్సరాల పౌరోహిత్యంలో ఇటువంటి అభ్యర్థన నాకు క్రొత్త కాదు. పలుమార్లు అంగీకరించాను కూడా. ఆ రోజు మాత్రం నోట మంత్రం నడుస్తున్నా మనస్సు నిలవలేదు.

ఆ గృహయజమానికి క్లోమంలో క్యాన్సర్. అప్పటికే కాలేయానికి వ్యాపించింది. నంద్యాలలో స్కానింగు, కర్నూలులో పరీక్షలు, ఆపై హైదరాబాదు. అక్కడి వైద్యులు కుమారులను ప్రక్కకు పిలిచి, ఇక శరీరానికి కష్టం కలగకుండా చూసుకొమ్మని చెప్పి పంపారు. కళ్లు పచ్చబడినందున ఆయనతో "కామెర్లు, నాయనా" అని చెప్పారు. ఆ మాటను నిలబెట్టడానికి ఎవరో చెప్పిన పసరు మందు కూడా తెచ్చి మూడు వారాలు త్రాగించారు. ఒక అసత్యానికి ఎన్ని ఉపకరణాలు కావలసి వచ్చాయో చూడండి.

మృత్యుంజయ మంత్రార్థం తెలిసినవారికి అందులోని దృష్టాంతం తెలుసు. పండిన దోసకాయ తీగ బంధం నుండి ఎట్లు విడివడునో అట్లు మృత్యువు నుండి విడివడాలని అక్కడి ప్రార్థన. మా సీమ చేలల్లో దోసపాదు చూసిన ప్రతివానికీ ఇది విదితమే: పచ్చికాయను లాగితే తీగ తెగుతుంది, పండినది ముట్టుకుంటేనే తొడిమ విడుస్తుంది. ఆ మంత్రం ఆయురారోగ్యాలకు వినియోగమగుట శిష్టాచారసమ్మతమే, నేను కాదనను. కాని పండవలసినవానికి తాను పండుతున్నానన్న సంగతి తెలియనీయకుండా, తలుపు చాటున ఆ మంత్రాన్ని జపించడంలో ఔచిత్యమేమి?

జపానంతరం తీర్థం ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. కుమారులు భోజన ఏర్పాట్లలో ఉన్నారు. ఆయన నా చేయి పట్టుకొని అన్నమాటలు ఇవి: "అయ్యవారూ, నాకు తెలుసు. హైదరాబాదు ఆసుపత్రి బయట పెద్ద అక్షరాలతో రాసే ఉంది గదా, నాకు చదువు రాదనుకున్నారా? పిల్లోళ్లు ఏడుస్తారని నేనూ కామెర్లే అంటాండాను." కొంతసేపు ఊరకుండి, "మా తమ్మునితో మాటల్లేక పదకొండేండ్లు. బోరు కాడ తగాదా. వాణ్ని పిలిపించమంటే, నాకు బాగుండలేదని నేనే ఒప్పుకున్నట్లయితాది" అన్నారు.

తండ్రిని కాపాడుతున్నామని కుమారులు, కుమారులను కాపాడుతున్నానని తండ్రి. మధ్యలో ఆ ఇంటిలో సత్యం అనాథ అయింది.

ఇక్కడ నా అభిప్రాయం నిష్కర్షగా చెప్పదలచాను. అంతిమదశలో ఉన్న తండ్రికి ఆయన అడగగోరిన సత్యాన్ని దాచుట కరుణ కాదు. అది మన భయమే, కరుణవేషం ధరించి వచ్చినది. అప్రియమైన సత్యం పలుకరాదని మనుస్మృతి చెప్పలేదా అని నన్ను ఎందరో అడిగారు. చెప్పింది. ప్రియమైన అసత్యమూ పలుకరాదని ఆ వెంటనే చెప్పింది. మనకు మొదటి సగమే కంఠస్థమైనది. ఆ రెండింటి నడుమ మిగిలిన మార్గం ఒకటే: సత్యాన్ని ఆయన మోయగలిగినంత, అడిగినంత, ప్రక్కన కూర్చొని ప్రియంగా చెప్పడం. అందరికీ ఒక్కరోజున అంతా చెప్పవలెనని నేను అనడం లేదు. వినడానికి ఇష్టపడని రోగిమీద నిజాన్ని గుమ్మరించుట హింస. కాని ఆయన అడుగుతున్నాడో లేదో తెలియాలంటే ముందు మనం ఆయన దగ్గర కూర్చొని ఉండాలి గదా.

పరీక్షిన్మహారాజు వృత్తాంతం స్మరించండి. తన కుమారుడు శృంగి ఇచ్చిన శాపాన్ని శమీకమహర్షి రాజుకు దాచలేదు. ఏడవనాడు తక్షకుని వలన మరణమున్నదని శిష్యుని పంపి మరీ తెలియజేసినట్లు ఆదిపర్వంలో ఉన్నది. భాగవతంలోనో, ఆ వార్త చేరినందుననే రాజు గంగాతీరమున ప్రాయోపవిష్టుడయ్యాడు, శుకుడు వచ్చాడు, సప్తాహం జరిగింది. రాజు మనస్సు నొచ్చునని ఆ వార్తను దాచి ఉంటే మనకు దక్కేది ఏమి?

ఈ మాటలు పరులకు చెప్పే అధికారం నాకు ఎక్కడిదంటే, తప్పు చేసినవాని అధికారమే. ఇరవై నాలుగేళ్ల క్రితం మా నాన్నగారు ఉదరంలో క్యాన్సర్‌తో దేహం చాలించారు. మేము ముగ్గురు అన్నదమ్ములం "అల్సర్" అని చెప్పాము. ఆయన నాకు తండ్రి, స్వరం దిద్దిన గురువు కూడా. ఆయన వద్ద ఒక ప్రయోగగ్రంథం ఉండేది. తాతగారి చేతివ్రాత, కుట్టు ఊడిన విడికాగితాలు, అంకెలు లేవు. ఏ పత్రం తరువాత ఏది అన్నది ఆయన జ్ఞాపకంలోనే ఉండేది. మంచం మీద నుండి రెండుసార్లు అడిగారు: "ఆ కట్ట తీసుకురా, క్రమం చెబుతాను." రెండుసార్లూ నేను, "తగ్గిన తరువాత చూద్దాం లెండి, ఇప్పుడు శ్రమపడకండి" అన్నాను. ఆయన మూడవసారి అడగలేదు. తగ్గదని ఎరిగినవాణ్ణి నేను. ఆయనకు ఉన్న నెలన్నరను నేను ఆ ఒక్క వాక్యంతో వ్యర్థం చేశాను.

శుశ్రూష అను పదాన్ని మనం సేవ అన్న అర్థంలో వాడుతున్నాము. ధాత్వర్థం వేరు. 'శ్రు' అనగా వినుట. వినగోరుట శుశ్రూష. గురువు చెప్పేది వినగోరి వెంట ఉన్న శిష్యుడు నీళ్లు మోశాడు, సమిధలు తెచ్చాడు. కాలక్రమంలో ఆ పరిచర్యకే ఆ పేరు నిలిచింది. మేము నాన్నగారికి మందులు వేళకు ఇచ్చాము, పక్క మార్చాము, కాళ్లు పట్టాము. శుశ్రూష మాత్రం చేయలేదు.

భీష్మపితామహుని అంపశయ్య ఈ విషయంలో నాకు పాఠ్యగ్రంథం. ఆయన పడిన తరువాత దుర్యోధనుడు బాణాలు పెరికే నిపుణులైన వైద్యులను వెంటబెట్టుకొని వచ్చాడు. భీష్ముడు వారిని ధనమిచ్చి సత్కరించి పంపివేయమన్నాడు. చికిత్స ఎక్కడ ఆగవలెనో నిర్ణయించినవాడు రోగియే, బంధువులు కారు. మెత్తని తలగడలు తెచ్చారు, వద్దన్నాడు; తనకు తగిన తలగడ ఏదో అర్జునుడు గ్రహించి మూడు బాణాలతో అమర్చాడు. దాహమన్నప్పుడు భూమిని భేదించి జలం తెచ్చాడు. ఏమి కావాలో అడిగి అది ఇచ్చాడు, తనకు తోచినది కాదు.

అంతకన్న ముఖ్యమైనది శాంతిపర్వంలో ఉన్నది. ధర్మములు చెప్పమని శ్రీకృష్ణుడు కోరగా భీష్ముడు, బాణబాధచేత శరీరం తపిస్తున్నది, బుద్ధి స్పష్టంగా లేదు, ఎట్లు చెప్పగలను అన్నాడు. అప్పుడు భగవానుడు వైరాగ్యోపదేశం చేయలేదు. బాధ పూర్వకర్మఫలం, సహించుమని అనలేదు. ముందు ఆ వేదనను, దాహాన్ని, మూర్ఛను తొలగించాడు. బుద్ధి తేటపడిన తరువాతనే ధర్మరాజు ప్రశ్నలు ఆరంభమైనవి. అంపశయ్యమీద ఆ ఏబది యెనిమిది రాత్రులలోనే ఒక కుటుంబం తమ పెద్దను ప్రశ్నించి విన్నది.

మార్ఫిన్ గురించి నన్ను అడిగే భక్తులకు నేను ఈ ఘట్టమే చెబుతాను. అది నల్లమందు జాతి గదా, దైవస్మరణకు అడ్డుపడదా, అలవాటు కాదా అని శంక. వైద్యుడు మోతాదు చూసి ఇచ్చిన బాధానివారణి తీవ్రవేదనలో ఉన్నవానికి వ్యసనం కాదు. వేదనతో గింజుకొనే మనస్సు నామస్మరణ చేయగలదా? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు కఠిననిబంధనల వలన ఈ మందు దేశంలో దుర్లభమైనది. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, వైద్యావసరాలకు లభించే మార్గాన్ని సులభం చేసింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమనచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉన్నది. "ఇక చేసేదేమీ లేదు" అని మీతో ఎవరైనా అన్నచో, ఉపశమనచికిత్స సంగతి అడగండి. చేసేది ఉన్నది.

వైద్యులను పంపివేయగల భీష్ముని స్వాతంత్ర్యం నేటి రోగికీ చట్టసమ్మతమే. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, కోలుకొనే ఆశ లేని దశలో తనకు ఏ చికిత్సలు వద్దో ముందుగానే వ్రాసిపెట్టుకొనవచ్చునని తీర్పునిచ్చింది. 2023లో ఆ పద్ధతిని మరింత సరళం చేసింది. కాని తనకు ఉన్నది కామెర్లేనని చెప్పబడినవాడు ఆ పత్రం ఎట్లు వ్రాయగలడు?

ఇక ఒక నాస్తికుని ఉదాహరణ. ఆలయార్చకుడు ఇట్లు వ్రాయవచ్చునా అని కొందరికి తోచవచ్చు, తోచనీయండి. నటుడు అక్కినేని నాగేశ్వరరావుగారు దేవుణ్ణి నమ్మనని దాపరికం లేకుండా చెప్పినవారు. 2013 అక్టోబరులో, తొంభైయవ ఏట, పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని ఆయనే స్వయంగా ప్రకటించారు. అప్పటికి కుమారుడు నాగార్జున, మనుమడు నాగచైతన్యలతో కలిసి 'మనం' చిత్రంలో నటిస్తూ ఉన్నారు. ఆ కుటుంబం ఆయనను పనినుండి తప్పించి మంచానికి కట్టిపెట్టలేదు. ఆయన నటన పూర్తి చేశారు. బయటికి వెళ్లలేని స్థితి వచ్చినప్పుడు, తన పాత్రకు తన గొంతే ఉండవలెనని పట్టుబట్టగా, పరికరాలను ఇంటికే తెప్పించి ఆయన చేత సంభాషణలు చెప్పించారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. చిత్రం మే 23న విడుదలైనది. తండ్రి "ఆ కట్ట తీసుకురా" అన్నాడు, కుమారుడు తెచ్చాడు. నిత్యాగ్నిహోత్రుల వంశంలో పుట్టిన నేను చేయలేనిది ఆ ఇంటిలో జరిగింది.

రోగిని చూడవచ్చినవారు మంచం ప్రక్కన నిలబడి "ఏ జన్మలో ఏం చేశాడో" అనుట మన ప్రాంతంలో సామాన్యం. ఆ గ్రామంలోనూ విన్నాను. శ్రీరామకృష్ణులు కంఠంలో క్యాన్సర్‌తో 1886 ఆగస్టు 16న కాశీపురోద్యానంలో దేహం విడిచారు. భగవాన్ రమణులు చేతిమీద పుట్టిన వ్రణానికి నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగినా తగ్గక, 1950 ఏప్రిల్ 14న సిద్ధి పొందారు. వారి పాపాలను లెక్కించే ధైర్యం ఉన్నవారు మాత్రమే తక్కినవారి కర్మను గురించి నోరు విప్పవలెను.

మరొక మాట, పూజామందిరంలో కూర్చున్నవాడికి తెలియనిది, వంటింటి గుమ్మం నుండి తెలిసినది. ఆ ఇంటి పెద్దకోడలు నాలుగు నెలలుగా రాత్రి రెండు గంటలు కూడా వరుసగా నిద్రించలేదు. జపానికి, అన్నదానానికి వ్యయం చేస్తున్న కుమారులు పగలు నలుగురిలో కనబడుతున్నారు. వాంతి ఎత్తినది, బట్టలు ఉతికినది ఆమె. నా దక్షిణలో సగం వెచ్చించి రాత్రివేళకు ఒక మనిషిని పెట్టండి, లేదా వంతులు వేసుకోండి అన్నాను. పెద్దకుమారుడు నొచ్చుకున్నాడు. చిన్నవాడు ఆ రాత్రే తన పక్క తండ్రి మంచం క్రిందికి మార్చుకున్నాడని తరువాత తెలిసింది.

భోజనమైన తరువాత సోదరులిద్దరినీ వసారాలో కూర్చోబెట్టి, మీ నాయనకు తెలుసు అని చెప్పాను. ఆయన రహస్యాన్ని బయటపెట్టినవాడినైనాను. ఆ దోషం నాదే, ఉంచుకుంటాను. పెద్దవాడు చాలాసేపు ఏడ్చాడు. పినతండ్రికి ఫోను చేసినది కూడా వాడే.

మరుసటి సోమవారం దీపారాధనవేళ చిన్నవాడు ఫోనులో చెప్పిన సంగతి ఇది. పినతండ్రి వచ్చాడట. బోరు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదట. కె.సి. కాలువకు నీళ్లు ఎన్నాళ్లు వదులుతారు, ఈ ఏడు సోనా బియ్యం ధర ఎట్లున్నది, ఇదే ప్రసంగం రెండు గంటలు. పోయేటప్పుడు తమ్ముడు అన్న పాదాలవద్ద దుప్పటి సర్ది, "రేపొస్తా" అన్నాడట. పదహారు రోజులు ప్రతిదినం వచ్చాడు.

పన్నెండవనాటి కర్మకు నేనే వెళ్లాను. సంకల్పం బిగ్గరగా చెప్పాను. మా ఇంటిలో ఆ కాగితాల కట్ట ఇంకా అల్మరాలోనే ఉన్నది. గత మాసంలో తీసి మళ్లీ క్రమం కుదర్చబోయాను, పదునాలుగు పత్రాల వరకు కుదిరినవి.