ఆ కన్నీళ్లను చులకన చేయొద్దు



‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ సినిమాపై గతవారం లేఖ రాసిన పాఠకుడు, రాయలసీమవాళ్లు నెత్తురుకు అలవాటుపడ్డారు కాబట్టి ఆ సినిమా ఇక్కడ ఎవరినీ కదిలించదన్నారు. అన్యాయమైన మాట. ఫ్యాక్షన్ కక్షల్లో కొడుకులను పోగొట్టుకున్న తల్లులు కర్నూలు, కడప పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. కన్నకొడుకు యేసు కొరడా దెబ్బలు తింటుంటే మరియమ్మ నిలబడి చూసే ఘట్టం వాళ్లకు ఉత్త సినిమా కాదు. అది చూసి వాళ్లు ఏడిస్తే ఆ ఏడుపు మీద తీర్పు చెప్పడానికి మనమెవరం?

సినిమా మీద నాకూ అభ్యంతరం ఉంది. సువార్తల్లో ఆ కొరడా దెబ్బల సంగతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది. 2004లో దర్శకుడు మెల్ గిబ్సన్ దాన్ని నిమిషాల తరబడి సాగదీశాడు. కొండమీది ప్రసంగం మాత్రం అలా మెరిసి మాయమవుతుంది. మన ‘కరుణామయుడు’ (1978)లోనూ సిలువ ఉంది. కానీ దర్శకుడు భీమ్‌సింగ్ ముందు యేసు బోధలు, స్వస్థతలు చూపించి, యేసు పాత్రధారి విజయచందర్‌ను మన మనిషిని చేశాకే ఆ సిలువ మోయించాడు. అందుకే ఊరూరా తెర కట్టి వేసినప్పుడు అన్ని మతాలవాళ్లూ కూర్చుని చూశారు.

‘ప్యాషన్’ను అమెరికాలోనే 17 ఏళ్ల లోపువాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదన్నారు. గుడ్ ఫ్రైడేకి దాన్ని ప్రదర్శించే సంఘ పెద్దలు పసిపిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని మనవి.

– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు