దర్శనం దొరికింది, న్యాయం దొరకలేదు

యూరప్ యాత్ర ఇప్పుడు తెలుగు మధ్యతరగతికి వింతేమీ కాదు. లండన్‌లో రెండు రోజులు, పారిస్‌లో రెండు రోజులు. బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు ఒక ఫొటో, ఈఫిల్ టవర్ కింద మరో ఫొటో. కాస్త తీరిక ఉన్నవారు పారిస్ తూర్పు భాగంలోని పేర్ లషేజ్ శ్మశానవాటికకూ వెళతారు. రచయిత ఆస్కార్ వైల్డ్, రాక్ గాయకుడు జిమ్ మారిసన్ సమాధులు అక్కడే ఉన్నాయి మరి. అదే వాటికలో ఓ భారతీయ రాణి కూడా ఉన్నారు. ఆమె కోసం వెతికేవారు మాత్రం తక్కువ.

ఆ రాణి ప్రయాణం మొదలైంది కోల్‌కతా నైరుతి కొసన, హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్, గార్డెన్ రీచ్ ప్రాంతం నుంచి. మెటియాబ్రుజ్ అంటే మట్టి బురుజు. ఇప్పుడక్కడ ఏ సందులోకి వెళ్లినా కుట్టు మిషన్ల చప్పుడే. తూర్పు భారతంలో రెడీమేడ్ దుస్తుల వ్యాపారానికి అదో పెద్ద కేంద్రం. గార్డెన్ రీచ్ పేరు ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు కొత్త కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా వాల్తేరు డివిజన్‌కు ఉత్తర్వులు వచ్చింది అక్కడి నుంచే.

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకుంది. గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఇష్టమైన వారసత్వ రద్దు సూత్రం ఇక్కడ పనికిరాలేదు. నవాబు వాజిద్ అలీ షాకు కొడుకులున్నారు. అందుకని దుష్పరిపాలన అనే కారణం చూపారు. 1801 ఒప్పందంతో అవధ్‌లో దాదాపు సగం భూభాగాన్ని తీసుకున్నది, లక్నోలో రెసిడెంటును కూర్చోబెట్టి ప్రతి వ్యవహారంలో వేలు పెట్టింది, నేపాల్ యుద్ధానికి అవధ్ ఖజానా నుంచి అప్పు పుచ్చుకున్నది కంపెనీయే. పెత్తనం ఒకరిది, నింద మరొకరిది.

వాజిద్ అలీ షా కత్తి పట్టలేదు. సంతకమూ పెట్టలేదు. నేరుగా లండన్ వెళ్లి విక్టోరియా రాణికే మొర పెట్టుకుంటానని లక్నో నుంచి బయల్దేరారు. మే నెలలో కలకత్తా చేరేసరికి ఆరోగ్యం దెబ్బతింది. ఆయన బదులు తల్లి మలికా కిష్వర్ ఓడెక్కారు. జీవితమంతా పరదా చాటున గడిపిన ఆమె తన మరో కుమారుడు సికందర్ హష్మత్‌ను, మనవడు హమీద్ అలీని, వందమందికి పైగా పరివారాన్ని వెంటబెట్టుకుని జూన్‌లో సముద్రం మీదికి వెళ్లారు. ఆగస్టులో సౌతాంప్టన్ రేవుకు చేరారు.

ఊరు చూడటానికి వెళ్లిన వాళ్లు కారు గానీ, ఊరంతా వాళ్లను చూడటానికి వచ్చింది. రేవులోనూ, బస చేసిన హోటల్ దగ్గరా జనం గుమిగూడారు. పత్రికలు వారి దుస్తుల గురించి, నగల గురించి, పరదా గురించి రాశాయి. రాజ్యం ఎందుకు పోయిందన్న ప్రశ్న మాత్రం వెనక్కిపోయింది. లండన్‌లో ఇల్లు తీసుకుని రాణి నెలల తరబడి ఎదురుచూశారు.

చివరికి 1857 జులైలో విక్టోరియా దర్శనం దొరికింది. అంతకు కొద్ది రోజుల ముందే మీరట్ సిపాయిల తిరుగుబాటు వార్త లండన్ చేరింది. ఆ గదిలో అవధ్ మాట తేలే అవకాశం అప్పటికే పోయింది. కలకత్తాలో జూన్‌లోనే వాజిద్ అలీ షాను అరెస్టు చేసి ఫోర్ట్ విలియంలో పెట్టారు. తిరుగుబాటుతో తమకు సంబంధం లేదంటూ రాణి తరఫున ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటుకు వెళ్లిన అర్జీకి సాంకేతిక అభ్యంతరం ఎదురైంది. దానిలో ‘వినయపూర్వక’ అన్న మాట లేదట! న్యాయం అడిగేవాడు ముందు తల వంచాలన్న నియమం ఆ ఒక్క మాటలో బయటపడింది.

ఆశ వదులుకున్న రాణి 1858 జనవరిలో పారిస్ చేరారు. ఆ నెల 24న అక్కడే కన్నుమూశారు. పేర్ లషేజ్‌లో ముస్లింల కోసం అంతకు ముందు ఏడాదే కేటాయించిన చోట ఆమెను ఖననం చేశారు. కొద్ది వారాలకే సికందర్ హష్మత్ లండన్‌లో మరణించారు. ఆయననూ తల్లి పక్కకే చేర్చారు. ఆ వార్తలు కలకత్తా చేరేనాటికి వాజిద్ అలీ షా ఇంకా బందీగానే ఉన్నారు. 1859 జులైలో విడుదలయ్యాక ఏడాదికి 12 లక్షల రూపాయల పింఛనుతో మెటియాబ్రుజ్‌లో చిన్న లక్నో కట్టుకున్నారు. కథక్, ఠుమ్రీ, గాలిపటాలు, జంతుశాల, బిర్యానీ అన్నీ వచ్చాయి, రాజ్యం తప్ప. 1887లో ఆయన పోగానే ప్రభుత్వం ఆ వైభవాన్ని వేలం వేసింది. మిగిలిన వాటిలో ముఖ్యమైనది, ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబారా.

ఇది ఉత్తరాది కథేనని తెలుగువారు పక్కన పెట్టడానికి లేదు. 1853లో ఇదే డల్హౌసీ నిజాం నుంచి బేరార్‌ను తీసుకున్నాడు. దాన్ని తిరిగి అడగాలన్న ఆశతో హైదరాబాద్ దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లారు. పారిస్ హోటల్లో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నా ప్రయాణం ఆపలేదు. తిరుగుబాటు కాలంలో కంపెనీ పక్షాన నిలిచిన మనిషి కాబట్టి మర్యాదలకు లోటు రాలేదు. రాణి ఆతిథ్యం దక్కింది. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. లండన్ నగరం సత్కరించింది. బేరార్ మాత్రం రాలేదు. 1902లో కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలు కింద రాయించుకున్నాడు.

అనుమానితురాలిగా చూసిన రాణికీ, ఆప్తమిత్రుడిగా చూసిన దివాన్‌కూ దక్కిన ఫలితం ఒక్కటే. తేడా మర్యాదలోనే. ఇద్దరూ నమ్మింది ఒకే విషయం: కంపెనీ అధికారులు చెడ్డవాళ్లు కావచ్చు, పైన కూర్చున్న రాణి ధర్మప్రభువు. కింది అధికారిని దాటి పైవాడి చెవిన వేస్తే పని జరుగుతుందన్న ఆ నమ్మకం ఈ దేశంలో నేటికీ చావలేదు. కలెక్టరేట్ల ముందు అర్జీలు పట్టుకుని నిలబడే జనాన్ని అడిగితే తెలుస్తుంది. అర్జీ తీసుకోవడం వేరు, సమాధానం చెప్పాల్సిన బాధ్యత వేరు. మొదటిది దయ. రెండోది హక్కు. 1857 నాటి లండన్‌లో మలికా కిష్వర్‌కు మొదటిది కూడా సరిగ్గా దక్కలేదు.

సాలార్‌జంగ్ ఆ యాత్రలో రోమ్ నుంచి ఓ పాలరాతి బొమ్మ కొనుక్కొచ్చారు. పల్చటి మేలిముసుగు కప్పుకున్న ఆ రెబెక్కాను చూడటానికి హైదరాబాద్ మ్యూజియంలో ఇప్పటికీ జనం ఆగుతారు. ముసుగు వేసుకుని సముద్రం దాటిన రాణిది మాత్రం ఎవరూ ఆగని చోటు. కొడుకు సమాధి మెటియాబ్రుజ్‌లో ఉంది. ఆయన లక్నోలోనే వదిలి వెళ్లగా, అక్కడ తిరుగుబాటును నడిపిన బేగం హజ్రత్ మహల్ సమాధి కఠ్మాండూలో ఉంది. తల్లిది పారిస్‌లో. లక్నో కోసం పోరాడిన ఈ ముగ్గురిలో ఒక్కరికీ లక్నోలో ఆరడుగుల నేల దొరకలేదు.