లివర్ ఆపరేషన్‌లో రక్తం ఆపితే క్యాన్సర్ మళ్లీ పెరుగుతుందా? అసలు విషయం ఇదీ!

లివర్‌లోకి నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం వెళ్తుంది. అందుకే అక్కడ క్యాన్సర్ గడ్డ తీసేటప్పుడు సర్జన్లకు పెద్ద భయం.. బ్లీడింగ్. దీనికి గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ 1908లోనే ఓ దారి చూపించారు. లివర్‌కు రక్తం తెచ్చే సిరను, ధమనిని కలిపి కాసేపు క్లాంప్‌తో బిగించడమే ఆ టెక్నిక్. ఇప్పటికీ వాడుతున్నారు.

మరి సమస్య ఎక్కడ?

రక్తం ఆగితే లివర్ కణాలకు ఆక్సిజన్ అందదు. క్లాంప్ తీయగానే రక్తం మళ్లీ దూసుకొస్తుంది. ఈ రెండు దెబ్బలకు కణజాలం దెబ్బతిని వాస్తుంది. కంటికి కనిపించకుండా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకు అదే అదను. ఎలుకలపై ప్రయోగాల్లో ఇలా దెబ్బతిన్న చోట ట్యూమర్లు వేగంగా పెరిగాయి.

మనుషుల్లో ఏం తేలింది?

ఇక్కడ లెక్క అంత తేలిగ్గా లేదు. చాలా అధ్యయనాల్లో క్లాంప్ వాడినా, వాడకపోయినా పెద్ద తేడా కనిపించలేదు. ఎక్కువసేపు బిగించినవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువని కొన్ని చెబుతున్నాయి.

అలాగని క్లాంప్ వద్దనుకుంటే? రక్తం బాగా పోతే ప్రాణానికే ముప్పు. పైగా రక్తం ఎక్కించాల్సి వచ్చిన పేషెంట్లలోనూ క్యాన్సర్ తిరగబెట్టే రిస్క్ ఎక్కువగా కనిపించింది.

అందుకే డాక్టర్లు మధ్యేమార్గం ఎంచుకుంటున్నారు. సాధారణంగా 15 నిమిషాలు బిగించి, 5 నిమిషాలు వదులుతారు. అంటే అసలు ప్రశ్న క్లాంప్ వేయాలా వద్దా అని కాదు.. ఎంతసేపు అన్నదే. ఆపరేషన్‌కు ముందు మీ సర్జన్‌ని అడగాల్సిందీ ఇదే.