పేరున్న పాములూ, పేరులేని పాములూ

పిల్లలూ! ఈ నెల ఒక ముసలి ఆటను గురించీ, దాని కడుపున పుట్టిన మరొక ఆటను గురించీ చెబుతాను. రెండూ మీకు తెలిసినవే. మొదటిది వైకుంఠపాళి, దీన్నే పరమపద సోపాన పటం అంటారు. రెండవది పాములూ–నిచ్చెనలూ. అట్టకు ఒకవైపు లూడో, రెండోవైపు ఈ ఆట అచ్చువేసి అమ్ముతారు, చూశారుగా! నేను అరవై ఏళ్ళుగా మొదటి ఆటకు అభిమానిని. కనుక రెండవదాన్ని గురించి నా తీర్పులో కాస్త పక్షపాతం వుంటుందేమోనని మీరు అనుమానించవచ్చు. కథ అంతా విని మీరే చెప్పండి.

మాది విజయనగరం. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారానికి మా నాయనమ్మ పటం పరిచేది. ఆ పటంలో 132 గళ్ళు. నిచ్చెనలకు భక్తి, జ్ఞానం, వైరాగ్యం వంటి పేర్లు. పాములకు దుర్గుణాల పేర్లూ, రాక్షసుల పేర్లూ. అన్నిటికన్న పెద్దది అరుకాషుడనే పాము. వైకుంఠం ఇంకా కొద్ది గళ్ళే వున్నదనగా అది మింగేది. పావు అడుగుకు వచ్చి పడేది.

మా నాయనమ్మ ఒక నియమం పెట్టింది. పాము మింగినవాళ్ళు దాని పేరు చదివి, ఆ దుర్గుణం తమలో ఎప్పుడు కనిపించిందో ఒక్క మాట చెప్పాలి. ఒకసారి గర్వం అనే పాము నన్ను మింగింది. "లెక్కల్లో నాకు ఎక్కువ మార్కులు వచ్చాయని తమ్ముణ్ణి వెక్కిరించాను," అని ఒప్పుకున్నాను. తన వంతు వచ్చినప్పుడు నాయనమ్మ కూడా చెప్పేది. పెద్దవాళ్ళు తమ తప్పు తాము చెప్పుకోవటం నేను మొట్టమొదట విన్నది ఆ పటం దగ్గరే!

ఈ ఆట 19వ శతాబ్దం చివరికి ఇంగ్లండు చేరింది. మన పటాలలో నిచ్చెనలకన్న పాములు ఎక్కువ. అక్కడివాళ్ళు రెంటినీ సమానం చేశారు. మొదట్లో వాళ్ళ పటాలమీద కూడా పొదుపు, శ్రమ అని నిచ్చెనలకూ, సోమరితనం, అవిధేయత అని పాములకూ పేర్లుండేవి. పోనుపోను పేర్లు పోయి 100 అంకెలే మిగిలాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాములనే తీసేసి జారుడుబల్లలు పెట్టింది!

గవ్వలకు బదులు పాచిక కూడా వచ్చింది. ఇందులో ఒక చిన్న లెక్క వున్నది. పాచికమీద 6 పడటానికి ఆరింట ఒక అవకాశం. అదే ఆరు గవ్వలు వేశారనుకోండి. ఒక్కొక్క గవ్వ వెల్లకిలా పడటానికీ, బోర్లా పడటానికీ సమానంగా వీలుంటే, అవి మొత్తం 64 విధాలుగా పడవచ్చు. అన్నీ వెల్లకిలా పడేది వాటిలో ఒక్క విధమే; సరిగ్గా మూడు పడేది 20 విధాలు. అంటే గవ్వలు మనని నడిపిస్తాయి, పాచిక పరుగెత్తిస్తుంది. అమెరికా పటానికి గణితం తెలిసినవాళ్ళు లెక్కకట్టారు. పై గడి చేరటానికి సగటున సుమారు 39 ఎత్తులు కావాలి. అదృష్టముంటే 7 చాలు. ఎంత తెలివిగలవాడైనా అందులో ఒక్క ఎత్తు కూడా తగ్గించలేడు.

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడితో కొత్త ఆట ఆడాను. 98వ గడిలో వాణ్ణి పాము మింగింది. "తాతా, నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు. పటం వంక చూశాను. పాము పక్కన అంకె తప్ప మరేమీ లేదు. "చూశావా, ఈ ఆట ఎంత చప్పగా వున్నదో! మా పటంలో అయితేనా," అంటూ మొదలుపెట్టాను.

మా వియ్యంకుడు అక్కడే కూర్చుని వున్నాడు. ఆయనది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో కొబ్బరితోటలూ జీడితోటలూ కూలిపోయాయి. వాటిలో ఆయన తోట కూడా వున్నది. నా మాటలు విని ఆయన, "బావగారూ, మా కొబ్బరిచెట్టు ఏటి పాపం చేసినాదండీ? దాన్ని మింగిన పాముకి ఏటి పేరెడతారు?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. నిజానికి పాత పటంలోనైనా నేను గర్వపడినందుకు పాము మింగలేదు. గవ్వలు అలా పడినందుకు మింగింది. పడ్డవాడల్లా తప్పు చేసినవాడేనని మా మనవడు నమ్మాడనుకోండి. రేపు తోట పోయినవాణ్ణి చూసి, "ఏదో పాపం చేసివుంటాడు," అనడూ?

కనుక నా తీర్పు ఇది. నలుగురూ కూర్చుని తమ మంచిచెడ్డలు చెప్పుకోవటానికి పాత ఆటే మేలు. కొత్త ఆట ఆ మాటలన్నీ పోగొట్టింది. కాని కొన్ని పాములకు పేరుండదనే నిజం మాత్రం కొత్త ఆటే చెప్పింది. అరవై ఏళ్ళ అభిమానిని, ఈ ఒక్క విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను.

తరవాత మా మనవడూ నేనూ అట్టమీద ఒక పటం గీశాము. అబద్ధం, అసూయ, సోమరితనం, గర్వం, కోపం—అయిదు పాములకు పేర్లు పెట్టాము. రెండు పాములకు పేరు పెట్టలేదు. పేరున్న పాము మింగితే నాయనమ్మ నియమమే. పేరులేని పాము మింగితే ఎవరూ ఏమీ అడగరాదు. పక్కవాడు తన ఎత్తు ఒకటి వాడికి ఇచ్చెయ్యాలి. మొదటి ఆటలోనే నన్ను పేరులేని పాము మింగింది. అప్పుడు మనవడు గెలుపుకు మూడే గళ్ళ దూరంలో వున్నాడు. మూతి ముడుచుకునే అయినా గవ్వలు నా చేతిలో పెట్టాడు.

మీరూ ఇలాంటి పటం గీయండి. ఏ పాములకు పేర్లుండాలో, ఏ పాములకు వుండరాదో అమ్మనూ నాన్ననూ కూడా అడగండి. వాళ్ళను కూడా ఆటకు కూర్చోబెట్టండి. పేరున్న పాము వాళ్ళను మింగిందో, ఊరికే వదలకండి! నియమం పెద్దలకు కూడా వర్తిస్తుంది.