ఫొటో తిప్పేశారు, సరే, సవరణ ఏదీ?

సంపాదకుల వారికి,



‘సముద్రంలోకి జారిపోతున్న కాలిఫోర్నియా’ అంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి ఇది. శాన్ ఆండ్రియాస్ భ్రంశానికి అటూ ఇటూ ఉన్న నేల పక్కపక్కన ఒరుసుకుంటూ జరుగుతుంది. ఆ లెక్కన లాస్ ఏంజెలెస్ శాన్‌ఫ్రాన్సిస్కో వైపు పోతుంది గానీ సముద్రంలోకి కాదు. పోనీ, శీర్షికలు అలాగే పెడతారులే అని ఊరుకున్నాను. కింద వేసిన, ఆ భ్రంశాన్ని దాటి పారే వాలెస్ వాగు ఫొటో చూశాకే ఒళ్లు మండింది. కుడి ఎడమలు తారుమారు చేసి అచ్చు వేశారు!

టెంబ్లర్ కొండల్లోంచి దిగే ఆ వాగు భ్రంశం దగ్గర కుడికి తిరిగి, దాని వెంబడే సుమారు 130 మీటర్లు పారి, మళ్లీ ఎడమకు మళ్లి కరిజో మైదానంలోకి పోతుంది. ఏ పక్కన నిలబడి చూసినా అవతలి నేల కుడికే జరిగి ఉంటుంది. మీ ఫొటోలో ఎడమకు జరిగింది.

మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ వాగు దగ్గర నేను తీసిన ఫొటో చూసి మా మనవరాలు స్కూలు ప్రాజెక్టులో బొమ్మ గీసింది. టీచరు గారు మీ పేపరు కటింగు పక్కన పెట్టుకుని ఇంటూ కొట్టారు. నేను స్వయంగా వెళ్లి చెబితే ‘పేపర్లో వచ్చింది కదండీ’ అన్నారు. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గట్టు ఎటు జరిగిందో తేల్చడమే నా ఉద్యోగం. రాత్రికి రాత్రి హద్దురాళ్లు పీకి జరిపినవాళ్లు కూడా నన్నింత ఏడిపించలేదు.

ఇక ‘ఏటా 34 మిల్లీమీటర్లు జారుతోంది’ అన్న మాట. ఆ అంకె భూగర్భ శాస్త్రవేత్తలు కెర్రీ సీ, రిచర్డ్ జాన్స్ 1984లో ప్రకటించినది. కందకాలు తవ్వి, దొరికిన బొగ్గు వయసు కట్టి, వాగు ఇప్పటి పాయ కోసుకుని సుమారు 3,700 ఏళ్లయిందని తేల్చారు. జరిగిన దూరాన్ని ఆ ఏళ్లతో భాగిస్తే వచ్చిన సగటు అది. ఏటా అంత జరగదు. 1857 జనవరి 9 భూకంపంలో మీటర్లకు మీటర్లు ఒక్కసారే జరిగిన ఆ చోటు అప్పట్నుంచీ బిగుసుకునే ఉంది.

ఆ రోజు జరిగింది 9 మీటర్లని చాలాకాలం అనుకున్నారు. విమానం నుంచి లేజర్‌తో చుట్టుపక్కల చిన్న చిన్న వాగులన్నీ కొలిచాక, 2010లో, సుమారు 5 మీటర్లే అన్నారు. వెనకటి భూకంపాల జరుగుడు కూడా కలిపి ఒకే భూకంపం ఖాతాలో రాశారన్నమాట. తేడా చిన్నది కాదు. 34 మిల్లీమీటర్ల చొప్పున 9 మీటర్ల బాకీ పేరుకోవడానికి 260 ఏళ్లు దాటుతుంది, 5 మీటర్లకైతే 150 ఏళ్లు చాలు. 1857 నుంచి ఎన్నేళ్లయిందో మీరే చూసుకోండి. వ్యాసంలో రావలసిన సంగతి ఇదీ!

రాదు. ఎందుకంటే రాశిఫలాలకు అరపేజీ పోయాక సైన్సుకు మిగిలేది అగ్గిపెట్టెంత చోటు. గత వారం మా రాశికి ‘స్థానచలనం’ అని రాశారు. దాని దిక్కయినా సరిగ్గా చెప్పగలరా?

సవరణ వేయండి. సరైన ఫొటోతో, అదే పేజీలో, అదే సైజులో వేయండి. లోపలి పేజీ మూలన పడేస్తే ఆ టీచరు గారి కంటపడదు.

– విశ్రాంత సర్వేయరు, తెనాలి